ఓపిక ఉన్న రోజునే ఆపాలి: కీళ్ళవాతం ఉన్న ఒక టైలర్ కేసు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, జబ్బు ఉన్నా రోజువారీ పనులు ఎలా చేసుకోవాలో పేషెంట్లతో కలిసి చూసే పని. పద్నాలుగేళ్ళుగా ఎక్కువ పని కీళ్ళవాతం, లూపస్, పక్షవాతం పేషెంట్లతోనే. ఈ కేసు రాయడానికి ఆ టైలర్ ఒప్పుకున్నారు, గుర్తుపట్టే వివరాలు మార్చాను, రాసింది మొత్తం ఆవిడకి చదివి వినిపించాను. ఒకచోట "అత్తయ్యని అలా రాయకండి మేడమ్" అంటే ఆ వాక్యం తీసేశాను.

ఆవిడకి 44 ఏళ్ళు. ఉండేది విజయవాడ వైపు, ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. భర్త మెకానిక్, కూతురు ఇంటర్ సెకండియర్, కొడుకు తొమ్మిదో తరగతి, ఇంట్లో 70 దాటిన అత్తగారు. కీళ్ళవాతం, డాక్టర్ల మాటలో రుమటాయిడ్ ఆర్థరైటిస్, అని తేలి ఆరేళ్ళయింది. ఇది వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల కాదు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే మన కీళ్ళ పొరల మీద పడి వాపు తెచ్చే జబ్బు, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడింతలు ఎక్కువ. ఆ వాపు కీళ్ళ దగ్గరే ఆగదు, దాన్ని పుట్టించే పదార్థాలు రక్తంలో తిరుగుతూనే ఉంటాయి, అందుకే జ్వరం తగ్గిన మర్నాడు ఒళ్ళు ఎలా ఉంటుందో వీళ్ళకి చాలా రోజులు అలాగే ఉంటుంది. వేళ్ళు వాస్తే ఇంట్లోవాళ్ళకి కనిపిస్తుంది, ఈ నీరసం మాత్రం ఎవరికీ కనిపించదు.

మొదటిరోజు కుర్చీలో కూర్చోగానే ఆవిడ అడిగింది ఒకటే, "నొప్పికి బిళ్ళ ఉంది మేడమ్, ఈ ఓపిక లేకపోవడానికి ఏమన్నా ఉందా?"

మనకి ఓపిక అనే మాట ఒంట్లో సత్తువకీ ఓర్పుకీ రెంటికీ ఒకటే. దానివల్ల ఇలాంటి పేషెంట్లకి ఒక అన్యాయం జరుగుతుంది. నాకు ఓపిక లేదు అని కోడలు అంటే సత్తువ లేదని చెప్తున్నట్టు, కానీ వినేవాళ్ళ చెవిలో ఈమెకి ఓర్పు లేదు అని పడుతుంది. ఆవిడ కూడా ఆరేళ్ళుగా అలాగే అనుకున్నారు, తనలోనే ఏదో లోపం ఉందని, బద్ధకం వచ్చేసిందని. తొమ్మిది ప్రశ్నలుండే ఫెటీగ్ సివియారిటీ స్కేల్ అని ఒకటుంది, 1989 నుంచి వాడుకలో ఉంది, ఒక్కో ప్రశ్నకి 1 నుంచి 7 దాకా మార్కులు, మొత్తం 63, అందులో 36 దాటితే అలసట పట్టించుకోవాల్సినంత ఉన్నట్టు లెక్క. ఆవిడకి 57 వచ్చింది. ఆ కాగితం చూపించి ఇది బద్ధకానికి వేసే మార్కు కాదమ్మా, జబ్బుకి వేసే మార్కు అని చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ముందు రక్తం సంగతి

అలసట అనగానే రెస్ట్ తీసుకోండి అనే సలహాతో మొదలుపెట్టే అలవాటు మా వృత్తిలో కూడా ఉంది, నాకది నచ్చదు. ముందు సరిచెయ్యగలిగిన కారణాలు వెతకాలి. ఆవిడ పాత రిపోర్టులు తిరగేస్తే హిమోగ్లోబిన్ చూసి పది నెలలు దాటింది. మళ్ళీ చేయిస్తే 9.4, ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటాం. ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది, వాపు జబ్బులున్నవాళ్ళలో ఫెరిటిన్ అనే ఐరన్ నిల్వల పరీక్ష అబద్ధం చెప్పొచ్చు, వాపు వల్లే అది పెరుగుతుంది కాబట్టి నిల్వలు ఖాళీగా ఉన్నా రిపోర్టులో నార్మల్ అని రావచ్చు, అందుకని ఆ ఒక్క అంకె చూసి ఐరన్ బానే ఉంది అని వదిలెయ్యకూడదు. థైరాయిడ్ బానే ఉంది. నిద్ర అడిగితే రాత్రి రెండింటికి భుజం నొప్పితో మెలకువ, మళ్ళీ నాలుగున్నరకి ఎలాగూ లేవాలని అలా దొర్లడమే. మనసు ఎలా ఉంటోందని కూడా విడిగా, కూతుర్ని బయట కూర్చోబెట్టి అడిగాను. దిగులు ఉంది కానీ డిప్రెషన్ అనేంత లేదు.

ఇవన్నీ రాసి కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజీ డాక్టర్ గారి దగ్గరికి పంపాను. 28 కీళ్ళు నొక్కి చూసి, రక్తపరీక్ష కలిపి వేసే డాస్ 28 స్కోరు ఆవిడకి 5.4 ఉంది, 5.1 దాటితే జబ్బు బాగా రేగి ఉన్నట్టు. ఆయన జబ్బుని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ అనే మందు మోతాదు పెంచి, ఐరన్ మొదలుపెట్టి, ఇన్నాళ్ళూ ఆవిడ మెడికల్ షాపులో అడిగి వేసుకుంటున్న నొప్పి బిళ్ళలు ఆపించారు, వాటి వల్ల కడుపులో రక్తం పోతూ ఉండొచ్చని ఆయన అనుమానం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకునేది కాదు, ఈ పొరపాటు ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి ఏ పేషెంటుకైనా వారం పేరు చీటీ మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పంపిస్తాను. ఆవిడ ఆదివారం రాత్రి వేసుకునేవారు. ఈ ఆదివారం సంగతి తర్వాత చెప్తా, కేసులో సగం అక్కడే ఉంది.

పద్నాలుగు రోజుల నోట్‌బుక్

మందులు పనిచెయ్యడానికి వారాలు పడుతుంది కదా, ఈలోపు డైరీ రాయమన్నాను. ఆవిడకి రాసే తీరిక ఎక్కడిది, కూతురు రాసింది, పాత రికార్డు నోట్సులో మిగిలిన పేజీల్లో. అరగంటకొక గడి, అందులో ఏం చేసింది, కూర్చుని చేసిందా నిలబడి చేసిందా, ఓపిక పదికి ఎంత మిగిలింది. ఆ పిల్ల ఎంత శ్రద్ధగా రాసిందంటే "అమ్మ మూడు అంది కానీ మొహం చూస్తే ఒకటి" అని పక్కన చిన్న అక్షరాలతో రాసిన రోజులు కూడా ఉన్నాయి.

డైరీ ముందేసుకుని కూర్చుంటే మొదట కనబడింది పొద్దుట. నాలుగున్నరకి లేచి, వేళ్ళు బిగుసుకుపోయి ఉంటే వేణ్ణీళ్ళలో పెట్టుకుని, ఐదింటికి కుళాయి వస్తే బకెట్లతో డ్రమ్ము నింపి, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గేసి, టిఫిను, రెండు క్యారేజీలు, మావగారి ఫోటో దగ్గర దీపం, తొమ్మిదింటికి ఇల్లు ఖాళీ అయ్యేసరికి ఓపిక గడిలో నాలుగు. లేచినప్పుడే ఆరు. ఈ నాలుగున్నర గంటల్లో ఆవిడ కూర్చున్నది ఇరవై నిమిషాలు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి పొద్దున్న గంట, రెండు గంటలు కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, అంటే రోజు మొత్తంలో ఒళ్ళు సహకరించని వేళలోనే ఇల్లు ఆవిడ దగ్గర ఎక్కువ పని తీసుకుంటోంది.

రెండోది ఇంకా ముఖ్యం. పద్నాలుగు రోజుల్లో నాలుగు మంచి రోజులు ఉన్నాయి, పొద్దున్నే ఓపిక గడిలో ఏడు, ఎనిమిది ఉన్న రోజులు. ఆ నాలుగు రోజుల్లోనూ ఆవిడ పదీ పదకొండు గంటలు పనిచేశారు, పేరుకుపోయిన బట్టలు, అల్మరా సర్దడం, ఆగిపోయిన ఆర్డర్లు, అన్నీ. నాలుగు సార్లూ మర్నాడు మంచం. చెడ్డ రోజులు జబ్బు వల్ల వస్తున్నాయని ఆవిడ అనుకుంటున్నారు, నోట్‌బుక్ చూస్తే వాటిలో చాలావాటికి ముందురోజు ఒక మంచి రోజు ఉంది. నేను వేలుపెట్టి చూపిస్తే ఆవిడ, "ఓపిక ఉన్నప్పుడే కదా మేడమ్ చేసుకోవాలి, లేనప్పుడు ఎలాగూ చెయ్యలేను" అన్నారు. ఎవరైనా అదే అంటారు, వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ఈ జబ్బుల్లో మనిషిని మంచానికి కట్టేసే మాట మాత్రం ఇదే.

దాన్ని మార్చడానికి నా దగ్గర పెద్ద ఉపాయం ఏమీ లేదు, దారి ఆవిడే చూపించారు. మాటల్లో డ్రమ్ము గురించి చెప్తూ, వేసవిలో కుళాయి అరగంటే వచ్చేదని, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకి, బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటి గేదెకి, ఎవరైనా స్నానానికి రెండో బకెట్ తీసుకుంటే తను అరిచేదాన్నని చెప్పారు. డ్రమ్ము నిండా ఉన్న రోజు ఇల్లంతా కడిగేస్తారా అని అడిగా. "అమ్మో, రేపు కుళాయి వస్తుందో రాదో" అన్నారు. అని ఆగిపోయి నా మొహం చూశారు. నేనేమీ అనలేదు.

నా మొదటి ప్లాను ఎందుకు పాడైంది

డైరీ ప్రకారం మర్నాడు దెబ్బకొట్టకుండా ఆవిడ చెయ్యగలిగింది రోజుకి సుమారు ఆరు గంటల పని, ఇంటిదీ కుట్టుదీ కలిపి. ఐదు గంటలతో మొదలుపెడదాం అనుకున్నాం. నేను చక్కగా ప్రింటు తీసిన టైంటేబుల్ ఇచ్చాను, పదిన్నర నుంచి పదకొండు విశ్రాంతి, రెండు నుంచి మూడు విశ్రాంతి, ఇలా. రెండు వారాల తర్వాత వస్తే ఒక్కరోజు కూడా జరగలేదు.

ఎందుకని అడిగితే చెప్పడానికి మొహమాటపడ్డారు. చివరికి తెలిసింది ఏంటంటే పదిన్నరకి ఆవిడ నడుం వాల్చగానే ఆది బ్లౌజు పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు, తలుపు తీసే ఉంటుంది, పొద్దెక్కాక మంచం మీద ఉన్న ఆడమనిషిని చూసి వాళ్ళేమనుకుంటారో అని ఆవిడ లేచి కూర్చుంటారు. ఎవరూ రాకపోయినా హాల్లో అత్తగారు కూరగాయలు తరుగుతూ ఉంటే తను ఎలా పడుకోవాలి. విశ్రాంతికి టైం కాదు అడ్డం, అనుమతి అడ్డం. నేను హాస్పిటల్లో బెడ్ మీద ఉన్న మనిషికి రాసినట్టు ఇంట్లో ఉన్న మనిషికి రాసేశాను. తప్పు పూర్తిగా నాదే. ఉమ్మడిగా ఉండే ఇంట్లో ఒక మనిషి ఓపిక లెక్క ఆ మనిషి ఒక్కదాంతో కూర్చుని వెయ్యలేం, ఇప్పుడు ఏ కేసులోనైనా రెండో సిటింగ్‌కే ఇంట్లోవాళ్ళని పిలుస్తున్నాను.

అత్తగారిని రమ్మన్నాం. ఆవిడ వచ్చీ రావడంతోనే, "మా కాలంలో ఏడుగురు పిల్లల్ని కని పొలం వెళ్ళేవాళ్ళం అమ్మాయ్" అన్నారు. నేను వాదించలేదు. మనవరాల్ని డైరీలో ఒక రోజు చదవమన్నాను, ఊరికే చదవమన్నా, మధ్యలో ఎవరూ ఏమీ అనొద్దని. ఆ పిల్ల చదివింది, నాలుగున్నర లేచింది, వేళ్ళు ముడవడం రాలేదు, ఐదు, పద్దెనిమిది బకెట్లు, ఐదున్నర, వాకిలి, ఓపిక ఐదు... తొమ్మిది దాకా చదివేసరికి పెద్దావిడ చెయ్యెత్తి ఆపి, "ఇదంతా ఒక్క పొద్దుటేనా?" అన్నారు. తర్వాత కోడలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని వేళ్ళ కణుపులు ఒక్కోటీ నొక్కి చూశారు, నేను పరీక్ష చేసేటప్పుడు నొక్కినట్టే. ఆరేళ్ళలో మొదటిసారి అనుకుంటా. ముగ్గు నేనేస్తా, ఆకుకూర నేను బాగుచేస్తా, చింతపండు కూడా నాకిచ్చెయ్యి అన్నారు.

వంటింట్లో

చింతపండు అంటే చిన్న పనిలా ఉంటుంది. పిసికేటప్పుడు బొటనవేలు మొదలూ, వేళ్ళ కణుపులూ ఒకేసారి నలుగుతాయి, మెలితిరుగుతాయి, కీళ్ళవాతం ఎక్కువగా మొదట కొట్టేది ఆ వేళ్ళ కణుపులనే. మనింట్లో పప్పుచారు, పులుసు, చారు, పచ్చడి, వారంలో చింతపండు ముట్టని రోజు ఉండదు. రాత్రే వేడినీళ్ళలో నానేసి, పొద్దున్న జల్లెడలో వేసి పప్పుగుత్తితో అదమమన్నాం, వేళ్ళతో పనిలేదు. ఆ పప్పుగుత్తి పిడి సన్నగా ఉంటే గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది, పట్టు ఎంత బిగిస్తే కణుపులకి అంత దెబ్బ, అందుకని వాళ్ళాయన పాత సైకిల్ ట్యూబు కోసి పిడికి చుట్టిచ్చారు. అట్లకాడకి, గరిటెకి కూడా. హాస్పిటల్లో మేం చూపించే విదేశీ లావు పిడి చెంచాలకంటే అది బాగుంది, జారదు, కడిగితే ఆరిపోతుంది.

కుక్కరు ఇంకో కథ. ఐదు లీటర్ల కుక్కర్లో పప్పూ అన్నమూ కలిపి పెట్టి ఒక్క చేత్తో పిడి పట్టుకుని దించేవారు, మణికట్టు వంకర పోవడానికి అంతకంటే ఏం కావాలి. మూడు లీటర్లది పప్పుకి, అన్నానికి కరెంటు కుక్కరు, రెండూ దించే పనిలేదు, గట్టు మీదే పక్కకి జరపడం, జరపాల్సి వస్తే గుడ్డ పట్టుకుని రెండు చేతులతో. ఇడ్లీ పిండి రోజు విడిచి రోజు కాకుండా వారానికి రెండుసార్లు. కత్తిపీట తీసేశాం, అది కోసేటప్పుడు కాదు, నేల మీంచి లేచేటప్పుడు ఓపిక తింటుంది, అత్తగారికీ మంచిదే. కుళాయికి పదిహేను అడుగుల పైపు, పద్దెనిమిది బకెట్లు పోయాయి, ఆ పైపు ఖర్చు ఒక నెల నొప్పి బిళ్ళల ఖర్చు కంటే తక్కువ. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది పొయ్యి పక్కన వేసిన ఎత్తు స్టూలు. కూర్చుని వండటం ఏంటని మొదట ఆవిడకే నచ్చలేదు, పోపు పెట్టేటప్పుడు లేస్తా, ఉడికేటప్పుడు కూర్చుంటా అని తనే రాజీకి వచ్చారు.

పనులు ఎంత శక్తి తింటాయో మెట్ అనే లెక్క ఉంది, ఊరికే కూర్చుంటే 1, ఇల్లు ఊడిస్తే 3 పైన, చేత్తో బట్టలు ఉతికినా, మెల్లగా మెట్లెక్కినా 4 దగ్గర. స్టూడెంట్లకి అది చెప్తాం కానీ, ఆ లెక్కలు కీళ్ళు బాగున్నవాళ్ళవి, వాచిన మణికట్టుతో కుక్కర్ మూత తిప్పడం ఏ పట్టికలోనూ ఉండదు. పేషెంటు నోట్‌బుక్కే పట్టిక.

ఆదివారం రాత్రి బిళ్ళ

మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు చాలామందికి వికారం, తల బరువు, ఒళ్ళు తేలిపోయినట్టు ఉంటుంది. ఆవిడకి ఆదివారమే వారంలో బరువైన రోజు, మాంసం వండాలి, పిల్లల తలంట్లు, ఆడపడుచు వాళ్ళు వస్తారు. ఆ అలసట మీద రాత్రి బిళ్ళ, సోమవారం పొద్దున్నే మళ్ళీ రెండు క్యారేజీలు. డైరీలో రెండు సోమవారాలూ ఓపిక రెండు దాటలేదు. ఏ రోజుకి మార్చితే బావుంటుందని ఆవిడనే అడిగితే ఆలోచించకుండా మంగళవారం ఖాళీ అన్నారు, మంగళవారం కొత్త బట్ట మీద కత్తెర పెట్టించుకోడానికి వాళ్ళ పేటలో ఎవరూ ఇష్టపడరట, బట్టలిచ్చేవాళ్ళు రారు. డాక్టర్ గారిని అడిగి సోమవారం రాత్రికి మార్పించాం, ఒక్కరోజు ఆలస్యమే కాబట్టి ఆయన సరేనన్నారు, ఎవరికి వాళ్ళు మాత్రం ఇలా మార్చుకోవద్దు. మంగళవారం మధ్యాహ్నానికి సాంబారన్నం ఒక్కటే, క్యారేజీలు కూతురు కడుతుంది.

మిషను దగ్గర అలారం పనిచెయ్యలేదు. ఇరవైఐదు నిమిషాలు కుట్టి ఐదు నిమిషాలు ఆపమంటే, బ్లౌజుకి చెయ్యి ఎక్కించడం సగంలో ఉండగా మోగితే ఏ టైలరూ లేవదు, వారంలో ఫోన్లో అలారమే తీసేశారు. నిమిషాల లెక్క వదిలేసి ముక్కల లెక్కకి వచ్చాం, రెండు చేతులు ఎక్కించాక లేవాలి, పైపింగ్ అయ్యాక లేవాలి, లేచి గుమ్మం దాకా నడిచి రావాలి. ఇది నిలిచింది. తొక్కుడు మిషనుకి వాళ్ళాయన మోటార్ పెట్టించారు. హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ పక్కవీధిలో ఒక అమ్మాయికి బ్లౌజుకి 20 రూపాయలకి ఇచ్చేశారు, సన్న సూదిని వేళ్ళ కొసలతో పట్టుకునే పని అదే కాబట్టి అది పోవడం ఆవిడ చేతులకి పెద్ద ఉపశమనం. ఆ డబ్బు గురించి భర్త నన్ను సూటిగానే అడిగారు, ఇలా పంచుకుంటూ పోతే మిగిలేది ఏంటండీ అని. మూడు నెలలు లెక్క రాసి చూద్దాం అన్నాను, అంతకంటే నమ్మకంగా చెప్పడానికి అప్పుడు నా దగ్గర ఏమీ లేదు.

శ్రావణం

ఇదంతా ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని నెల, ఆర్డర్లు తక్కువ. బావుంది బావుంది అనుకుంటుండగా శ్రావణం వచ్చింది. మందులు పట్టాయి, వాపు తగ్గింది, పొద్దున్నే ఓపిక ఏడు, ఎనిమిది. వరలక్ష్మీ వ్రతం ముందు బుధ, గురువారాల్లో ఆవిడ పదకొండు బ్లౌజులు కుట్టి, ఇల్లు కడిగి, గురువారం రాత్రి పన్నెండింటికి పూర్ణాలకి పప్పు నానేశారు. శుక్రవారం వ్రతం చక్కగా జరిగింది. శనివారం నుంచి మంగళవారం దాకా మంచం దిగలేదు, కుడి మణికట్టు వాచి జాకెట్టు హుక్కు కూడా కూతురే పెట్టాల్సి వచ్చింది.

వచ్చి ఏడ్చారు. మీ మాట వినలేదు అన్నారు. నా మాట వినకపోవడం కాదు, మందు పనిచెయ్యడం మొదలైనప్పుడే ఈ ప్రమాదం ఎక్కువని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఆరేళ్ళ తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉంటే ఎవరికైనా చేసుకోవాలనే ఉంటుంది, అది తప్పెలా అవుతుంది. ఆ రోజు మేం రాసుకున్న నియమం ఒకటే, ఓపిక ఎనిమిది ఉన్న రోజు కూడా ఐదు ఉన్న రోజు చేసేంతే చెయ్యాలి, మిగిలిన గంట ఆవిడకి ఇష్టమైనదానికి, పని కాని దానికి. దానికి ఆవిడ ఎంచుకున్నది సాయంత్రం మేడమీద అత్తగారితో కూర్చోవడం.

రెండోది ఆర్డర్ల పుస్తకం. రోజుకి మూడు గీతలు, మూడు బ్లౌజులు, గీతలు నిండితే తర్వాతి పేజీ. ఇది చెప్పినంత తేలిక కాదు, మొహం మీద కాదనడం ఆవిడకి రాదు. నా గదిలోనే నేను కస్టమర్‌ని, "అక్కా ఈ ఒక్కటీ కుట్టి పెట్టవా, పెళ్ళి ఎల్లుండే" అని బతిమాలడం, ఆవిడ పుస్తకం తిప్పి చూపించి "ఈ వారం నిండిపోయిందమ్మా, సోమవారం ఇస్తా" అనడం. నాలుగుసార్లు ప్రాక్టీస్ చేశాం, మూడుసార్లు ఆవిడ సరేలే ఇవ్వు అనేశారు. దసరా వచ్చేసరికి మాట పలికింది. ఇద్దరు కస్టమర్లు వేరే చోటికి పోయారు, మిగతావాళ్ళు ముందే తెచ్చివ్వడం మొదలుపెట్టారు. మొదటి నెల ఆదాయం తగ్గింది, మూడో నెలకి పాత అంకెకి వచ్చింది, మంచం మీద పోయే రోజులు తగ్గాయి కాబట్టి. భర్త మళ్ళీ ఆ ప్రశ్న వెయ్యలేదు.

కదలిక గురించి

ఓపిక దాచుకోవడం అంటే కదలకుండా కూర్చోవడం అని కొందరు అర్థం చేసుకుంటారు. కీళ్ళవాతంలో కదలకపోతే కండ కరుగుతుంది, కండ కరిగితే చిన్న పనికే ఇంకా ఎక్కువ అలసట. యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ 2023లో ఈ జబ్బుల అలసట మీదే ప్రత్యేకంగా సూచనలు తయారుచేసింది, అందులో కూడా ఒంటికి తగ్గ వ్యాయామం ముఖ్యమైనదిగా ఉంది. ఆవిడకి సందులో పది నిమిషాల నడక, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, పదిహేను రోజులకి కాస్త పెంచుకుంటూ. బాగా రేగిన రోజుల్లో తగ్గించడమే కానీ పూర్తిగా మానడం లేదు.

ఇది చదివి ఎంఈ సీఎఫ్ఎస్ అనే క్రానిక్ ఫెటీగ్ జబ్బు ఉన్నవాళ్ళకి, కోవిడ్ తర్వాత అలాంటి లక్షణాలు మిగిలినవాళ్ళకి ఇదే సలహా ఇవ్వొద్దని జూనియర్లని ప్రత్యేకంగా కోరుతున్నా. వాళ్ళలో చిన్న శ్రమకి కూడా మర్నాడో, ఇంకో రెండు రోజులకో లక్షణాలన్నీ తిరగబెడతాయి, బలవంతంగా పెంచుకుంటూపోతే నెలల తరబడి మంచానపడ్డ వాళ్ళున్నారు. బ్రిటన్ నైస్ సంస్థ 2021 అక్టోబర్ మార్గదర్శకాల్లో వాళ్ళకి అంచెలంచెలుగా పెంచే వ్యాయామ చికిత్స ఇవ్వకూడదని తేల్చి చెప్పింది. పైకి అలసట ఒకటే, లోపల జబ్బు వేరు.

సంక్రాంతి ముందు

ఆరున్నర నెలల తర్వాత అలసట స్కోరు 57 నుంచి 39కి వచ్చింది. ఇంకా 36 కింద లేదు. డాస్ 28 స్కోరు 3.3, హిమోగ్లోబిన్ 11.6. నెలలో మంచం మీద గడిచే రోజులు తొమ్మిది నుంచి మూడుకి తగ్గాయి. ఇందులో మందుల వాటా ఎంత, ఐరన్ వాటా ఎంత, మా ప్లాను వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, ఒక్క పేషెంటు కేసులో ఎవరూ చెప్పలేరు. కానీ శ్రావణం మాత్రం నాకు సాక్ష్యం, అప్పటికి మందులు బాగా పట్టాయి, రక్తం పెరుగుతోంది, అయినా రెండు మంచి రోజులు నాలుగు రోజుల్ని మింగేశాయి.

భోగి ముందు రోజు వాకిట్లో కూతురు చుక్కలు పెడుతుంటే ఆవిడ పీట మీద కాదు, కుర్చీలో కూర్చుని ఏ చుక్క ఎక్కడో చెప్పారట. అరిసెల పాకం అత్తగారు చూశారు, పిండి కలపడానికి కొడుకుని పిలిచారు, వాడు నేర్చుకున్నాడు. ఇంకా తెగని పనులు ఉన్నాయి. జబ్బు రేగిన పొద్దుట జడ వేసుకోలేరు. సాయంత్రాలు మేడమీదకి వెళ్తున్నా మెట్లు ఇంకా కష్టమే. పెద్దది ఏంటంటే జూన్‌లో కూతురు ఇంజనీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్తుంది, ఇప్పుడు ఆ పిల్ల పేరు పక్కన ప్లానులో పదకొండు పనులు ఉన్నాయి, మంగళవారం క్యారేజీలతో సహా. పరీక్షలు అయ్యాక వచ్చి కూర్చుంటే ఆలస్యమైపోతుంది కాబట్టి ఫిబ్రవరి మొదటి వారంలోనే రమ్మన్నాను, ఆవిడనీ, భర్తనీ, తొమ్మిదో తరగతి పిల్లాడినీ, నోట్‌బుక్ తీసుకుని.